కాళ్ళ కింది చరిత్ర: కర్నూలు సీమ సున్నపురాతి గుహలు

గుహలోకి అడుగు పెట్టగానే ఎవరి చూపైనా పైకి పోతుంది. పైకప్పు నుంచి మర్రి ఊడల్లా వేలాడే రాళ్ళు, వాటి మీద మెరిసే తడి, గబ్బిలాలు. చూడదగ్గవే, కాదనను. కానీ కర్నూలు సీమ గుహల అసలు చరిత్ర పైన లేదు, మన కాళ్ళ కింది మట్టిలో ఉంది. మీతో మాట్లాడదలచుకున్నది ముఖ్యంగా ఆ మట్టి గురించే. దాన్ని గమనించాలంటే కారులో పోతే కుదరదు. నడవాలి, లేదా సైకిల్ తొక్కాలి.

నంద్యాల జిల్లాలోని బేతంచర్ల, బనగానపల్లె, కొలిమిగుండ్ల ప్రాంతాలు ఇందుకు అనువైనవి. 2022 దాకా ఇవి కర్నూలు జిల్లాలో ఉండేవి. బేతంచర్ల పేరు మీకు కొత్త కాకపోవచ్చు. అక్కడి నాపరాయి మన ఇళ్ళలో ఎన్నింటికో నేలగా పరుచుకుంది. ఆ నాపరాయి సున్నపురాయే. సముద్రం అడుగున పొర మీద పొరగా పేరుకున్నది కాబట్టే పలకలు పలకలుగా ఊడి వస్తుంది. గవ్వలున్న జీవులు ఇంకా భూమి మీద పుట్టకముందే ఇది ఏర్పడింది. అందుచేత నాపరాయిలో గవ్వల ఆనవాళ్ళ కోసం వెదకడం దండగ. ఈ గుహల్లో దొరికిన ఎముకలన్నీ రాతిలోవి కావు, చాలాకాలం తర్వాత గుహల్లో చేరిన మట్టిలోవి.

ఇంత గట్టి రాయిలో గుహ ఎలా పడింది? వాననీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకొని బలహీనమైన ఆమ్లంగా మారుతుంది. అది రాతి పగుళ్ళలో దిగుతూ కాల్షియం కార్బొనేట్‌ను బైకార్బొనేట్‌గా మార్చి కరిగించి తీసుకుపోతుంది. పగులు సందవుతుంది, సందు సొరంగమవుతుంది. ఇదే చర్య వెనక్కి నడిస్తే ఊడలు తయారవుతాయి. గుహ కప్పు నుంచి జారే చుక్కలోని వాయువు గాలిలోకి పోగానే సున్నం మిగిలిపోతుంది. బోరునీళ్ళు కాచే గిన్నె అడుగున పట్టే తెల్లటి చార చూశారుగా, అదీ ఇదే సంగతి.

సున్నపురాయికి మరో గుణం ఉంది. ఆమ్ల గుణం గల నేలలో ఎముక కొంతకాలానికి కరిగిపోతుంది. సున్నం కలిసిన గుహమట్టిలో వేల ఏళ్ళు నిలుస్తుంది. మన దేశంలో ఆదిమానవుని రాతి పనిముట్లు చాలాచోట్ల దొరుకుతాయి గాని, వాటితో పాటు ఎముకలు దొరికే చోట్లు అరుదు. ఈ గుహల విలువ అక్కడే ఉంది.

బేతంచర్లకు ద్రోణాచలం–నంద్యాల దారిలో రైలుంది. ఊరికి ఆగ్నేయంగా సుమారు అయిదు కిలోమీటర్ల దూరంలో బిల్లసర్గం గుహలున్నాయి. బిల్వస్వర్గం అని కూడా అంటారు. దారిలో నాపరాతి గనులు, పలకల గుట్టలు, ఆ తర్వాత ముళ్ళకంప. ఆ పైన రాతిని నిలువునా చీల్చినట్టున్న ఇరుకు లోయ, దాని గోడల్లో గుహల నోళ్ళు. ఒకప్పటి గుహల కప్పు కూలగా మిగిలిన లోయ ఇది.

కెప్టెన్ న్యూబోల్డ్ 1844లో ఈ గుహల ఎముకల గురించి రాశాడు. 1863లో మద్రాసు దగ్గరి పల్లావరంలో రాతి గొడ్డలిని గుర్తించిన రాబర్ట్ బ్రూస్ ఫుట్, 1884–85లో తన కొడుకుతో కలిసి ఇక్కడ తవ్వకాలు జరిపించాడు. గుహలకు కెథడ్రల్, చార్నెల్ హౌస్, పర్గేటరీ అని పేర్లు పెట్టుకున్నాడు. ఊరివాళ్ళు స్వర్గం అనే చోట దొరవారికి ప్రాయశ్చిత్త లోకం కనిపించిందన్నమాట! దొరికిన ఎముకలను లిడెకర్ అనే శాస్త్రవేత్త పరీక్షించి, అందులోని ఒక ఖడ్గమృగానికి కర్నూలు పేరే పెట్టాడు: రైనోసెరస్ కర్నూలియెన్సిస్. నేడు అస్సాం వైపు పోతేగాని కనబడని జంతువు ఒకప్పుడు ఈ మెట్టల్లో మేసింది.

చార్నెల్ హౌస్‌లో ఎముకతో చేసిన పనిముట్లు కూడా దొరికాయని ఫుట్ ప్రకటించాడు. దీని మీద తర్వాతి వారికి సందేహాలు కలిగాయి. కారణం ముళ్ళపంది. అది ఎముకలను గుహలోకి మోసుకుపోయి కొరుకుతుంది. దాని పళ్ళ గాట్లు మనిషి చెక్కిన గీతల్లాగే ఉంటాయి. తేల్చాలంటే ఎముక ఒక్కటీ ఉంటే చాలదు. అది ఏ పొరలో, ఎంత లోతున, వేటి పక్కన పడి ఉందో తెలియాలి. 1970ల్లో ఎం.ఎల్.కె. మూర్తి ఇదే ప్రాంతంలోని ముచ్చట్ల చింతమాను గవిలో పొరపొరగా తవ్వినప్పుడు రాతి పనిముట్లు, ఎముక పనిముట్లు, వాటితో పాటు ఒక పొయ్యి ఆనవాలు బయటపడ్డాయి. పొయ్యిలో కాలిన మట్టిని పరీక్షిస్తే సుమారు 17,000 ఏళ్ళ నాటిదని తేలింది. మంట వేసుకున్న మనిషి ఉన్నాడు కాబట్టి పక్కనున్న పనిముట్ల మాట నమ్మవచ్చు. గవి అంటే అక్కడి మాటలో గుహ. చింతచెట్టు గుర్తుగా ఊరివాళ్ళు పెట్టిన పేరు శాస్త్ర గ్రంథాల్లోకి అలాగే ఎక్కింది.

బేతంచర్ల నుంచి బనగానపల్లె వైపు సైకిల్ మీద వెళితే జుర్రేరు లోయ వస్తుంది. యాగంటి క్షేత్రం ఈ చుట్టుపక్కలదే. లోయలోని జ్వాలాపురం దగ్గర మట్టి కోతల్లో బూడిద రంగు పొర ఒకటి కనిపిస్తుంది. వేళ్ళ మధ్య నలిపితే పిండిలా మెత్తగా ఉంటుంది. అది పొయ్యి బూడిద కాదు. సుమారు 74,000 ఏళ్ళ క్రితం సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా గాలిలో ప్రయాణించి వచ్చిన బూడిద. నేరుగా రాలింది కొన్ని సెంటీమీటర్లే. చుట్టూ ఉన్న వాలుల మీదిది వానలకు కొట్టుకొచ్చి లోయలో చేరడంతో కొన్నిచోట్ల రెండు మీటర్లు దాటింది.

మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడకు చెందిన రవి కోరిశెట్టర్, వారి సహచరులు ఇక్కడ తవ్వి 2007లో ఫలితాలు ప్రకటించారు. బూడిద కింద రాతి పనిముట్లు, బూడిద పైనా దాదాపు అదే తీరు పనిముట్లు. అంత పెద్ద ఉత్పాతం తర్వాత కూడా ఈ లోయలో మనుషుల బతుకు సాగిందని వారి వాదన. ఆ మనుషులు మన జాతివారేనా అన్నది వేరే ప్రశ్న. మానవుల ఎముకలు దొరకలేదు గనుక వాదం సాగుతూనే ఉంది. బిల్లసర్గం ఎముకలను మళ్ళీ పరిశీలించి 2014లో వెలువరించిన అధ్యయనమూ ఇలాంటి కొనసాగింపునే చూపింది. రెండు లక్షల ఏళ్ళలో అక్కడ గుర్తించిన క్షీరద జాతుల్లో, గెలడా కోతికి దగ్గరి ఒక కోతి జాతి తప్ప, మిగిలినవన్నీ ఉపఖండంలో నిలిచాయి. గెలడాలు ఇప్పుడు ఇథియోపియాలోనే ఉన్నాయి.

ఇక బాధ కలిగించే విషయం. జ్వాలాపురం బూడిదను గిన్నెలు తోమే పొడి కోసం తవ్వి అమ్ముకున్నారు. రైతును తప్పుపట్టను. అది 74,000 ఏళ్ళ నాటిదని అతనికి ఎవరు చెప్పారు? నాపరాతి గనుల మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి, వాటిని మూసెయ్యమనడం నాకు న్యాయంగా తోచదు. గుహలున్న చోట, బూడిద పొర ఉన్న చోట హద్దు గీసి, అక్కడ మాత్రం గడ్డపార పడకుండా చూడడం అసాధ్యం కాదు. చెక్కిన పలక ఇంకో గనిలో దొరుకుతుంది. చెదిరిన పొరను మళ్ళీ పేర్చలేం.

చూడడానికి వెళ్ళే మనమూ ఆ పొరలను చెరపగలం. గుహలో పనిముట్టులాంటి రాయి కనబడితే చేతిలోకి తీసుకోకండి. పక్కన కలం పెట్టి ఫొటో తీసుకోండి, చోటు రాసుకోండి, పురావస్తు శాఖకు తెలియజేయండి. జేబులో వేసుకుని ఇంటికి తెచ్చిన రాయి ఉత్త రాయే. నేలను తవ్వకండి, మంట వేయకండి. నేటి బొగ్గు రేపటి పరిశోధకుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది.

కోవెలకుంట్ల మీదుగా బెలుం చేరితే మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న గుహ, అందులో సందర్శకులకు దీపాలు వేసిన దారి, చివర పాతాళగంగ ఉన్నాయి. కరిగించే నీటి పనితనం అక్కడ బాగా తెలుస్తుంది. లోపల ఉక్క ఎక్కువ, నీళ్ళు వెంట ఉంచుకోండి.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈ ప్రయాణానికి మంచి కాలం. వేసవిలో బండ కాలుతుంది, వానాకాలంలో నల్లరేగడి చక్రాలకు పట్టి సైకిల్ కదలదు. తుమ్మముళ్ళు ఎక్కువ కాబట్టి పంక్చర్ సామాను మరవకండి. బిల్లసర్గానికి ఒంటరిగా కాక, దారి తెలిసిన ఊరివారిని ఒకరిని వెంటబెట్టుకుని వెళ్ళండి.