మన పిల్లలకు పియానో కొనబోయే ముందు

(బోరబండలో సంఘ కుటుంబముల కూడికయందు చేసిన ప్రసంగ పాఠము)



నాకిచ్చిన అంశము "పిల్లల సంగీత విద్య" అని కరపత్రములో ఉన్నది. అది సముద్రమంత విషయము. అందులోనుండి ఒక చెంబెడు నీళ్ళు మాత్రమే ముంచి ఇవ్వగలను. ఈమధ్య మన సంఘములో నన్ను ఎక్కువమంది అడుగుచున్న ప్రశ్న ఒక్కటే: "మాస్టారూ, మా అమ్మాయి పియానో నేర్చుకుంటున్నది. ఫలానా చోట నిలువు పియానో ఒకటి అమ్మకానికి ఉన్నదట, కొనమంటారా?" ఈ ప్రశ్న వెనుక ఒక తండ్రిగారి ప్రావిడెంటు ఫండు, ఒక తల్లిగారి మెడలోని గొలుసు ఉన్నవి. అందుచేత నేడు దానిమీదనే మాట్లాడుదునని అధ్యక్షులవారి అనుమతి తీసికొన్నాను.

మన బోరబండ సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. ఇరుకు సందులు, అరవై గజముల స్థలములో మూడంతస్తుల ఇళ్ళు. 2003లో ఎం.ఎం.టి.ఎస్. రైలు వచ్చిన తరువాత ఇక్కడ బండి ఎక్కినవాడు తరువాతి స్టేషనులోనే హైటెక్ సిటీలో దిగుచున్నాడు. అక్కడి అపార్టుమెంటులలో పిల్లలకు పియానో టీచర్లున్నారు, లండను ట్రినిటీ కాలేజీవారి గ్రేడు పరీక్షలున్నవి. ఆ ఇళ్ళలో పనిచేసి వచ్చే మనవారు చూచి, మన పిల్లలు మాత్రము ఎందుకు నేర్చుకొనకూడదు అని అనుకొనుట న్యాయమే. మన క్వయరులో వాయించువారి కొరత కూడ మీరెరుగుదురు. అయితే అక్కడి ఇంటికి సరిపడిన వస్తువు ఇక్కడి ఇంటికి సరిపడునా అన్నదే నా మాట.

మొదట పియానో అంటే ఏమిటో చూతము. మనకు హార్మోనియము బాగా తెలుసు. హార్మోనియములో మెట్టును మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా శబ్దము మారదు. నాదము పెరుగుట తగ్గుట తిత్తి ఊదే చేతిలో ఉన్నది. పియానోలో తిత్తి లేదు. మెట్టు నొక్కగానే లోపల ఫెల్టు తొడిగిన చిన్న సుత్తి ఎగిరి తీగను కొట్టి, వెంటనే వెనుకకు పడిపోవును. వేలు ఎంత వేగముతో దిగినదో నాదము అంత గట్టిగా పలుకును. 1700 ప్రాంతమున ఇటలీ దేశమునందలి ఫ్లోరెన్సులో క్రిస్టోఫోరి అను పనివాడు కనిపెట్టినది ఈ సుత్తి యుక్తినే. అంటే పియానో నేర్చుకొను పిల్లవాడు స్వరములు మాత్రమే కాదు, వేలి బరువును నేర్చుకొనుచున్నాడు. మంచి పియానో మెట్టు దిగుటకు సుమారు 50 గ్రాముల బరువు కావలెను, అది దిగే లోతు దాదాపు ఒక సెంటీమీటరు. మన ఇళ్ళలో ఉన్న 61 మెట్ల కీబోర్డులో లోపల స్ప్రింగు తప్ప మరేమీ లేదు. దానిమీద రెండేండ్లు సాధన చేసిన పిల్లవాడు అసలు పియానో ముందు కూర్చుంటే వేళ్ళు కూరుకొనిపోయినట్లుండును. దానికి తోడు ట్రాన్స్‌పోజ్ మీట! ఏ శ్రుతిలోని పాటయైనను ఒకే నాలుగు మెట్లమీద వాయించి, మిగిలిన పని మీటకు అప్పగించుట. ఆరాధన నడిపించువారికి అది ఉపకారమే గాని, నేర్చుకొను పిల్లలకు అది కుంటి కర్ర అని నా అభిప్రాయము. కొందరికి కోపము వచ్చినా సరే.

ఇక్కడ పెద్దలొకరు లేచి, "పియానో వచ్చి మన కీర్తనల రాగములను చంపును గదా?" అని అడుగుదురని నాకు తెలుసు. పురుషోత్తము చౌదరిగారు (1803–1890) మొదలైనవారి కీర్తనలలో గమకమున్నది, పియానోలో మెట్టుకూ మెట్టుకూ మధ్య స్వరము లేదు. ఆ మాట నిజము. హార్మోనియము మీద కూడ ఇదే నేరము మోపి ఆకాశవాణివారు 1940 మొదలు 1971 వరకు దానిని దూరముగా ఉంచిరి. కనుక కీర్తన గొంతుతో నేర్పుడు, పియానో పియానోగా నేర్పుడు. రెండు భాషలు నేర్చిన పిల్లవానికి నష్టమేమి?

సరే, నిలువు పియానో. గ్రాండు పియానోలో తీగలు పడుకొని ఉండును. ఇందులో నిలువుగా ఉండును, అందుకే గోడకు ఆనించుకొనవచ్చును. మొత్తము 88 మెట్లు. పై స్థాయిలో ఒక్కొక్క స్వరమునకు మూడేసి తీగలు, నడుమ రెండేసి, క్రింది స్థాయిలో లావుపాటిది ఒక్కటి, వెరసి దాదాపు 220 తీగలు. ఇవన్నియు కలిసి లాగు బలము 16 నుండి 20 టన్నులు. ఆ లాగుడును మోయుటకే లోపల పోత ఇనుప చట్రము. అందుచేతనే దాని బరువు 200 కిలోలు దాటును. ఉదాహరణకు యమహావారి యూ-1 ఎత్తు 121 సెంటీమీటర్లు, వెడల్పు 153, బరువు 228 కిలోలు.

ఎత్తు ఎందుకు చెప్పుచున్నానంటే, పియానో పొట్టిదైతే తీగలు పొట్టివి, ధ్వని పలక చిన్నది, క్రింది స్వరములు డబ్బా మీద కొట్టినట్లు పలుకును. ఒక మీటరు ఎత్తు మాత్రమే ఉన్న ముద్దులొలికే పియానోలు కొన్ని అమ్మకానికి వచ్చును. చూచుటకు బాగుండును. 110కి తక్కువైనది కొనకండి, 115 మొదలు 121 లోపల చూడండి. అంతకంటె పెద్దది మన గదులకు మోత.

ఇక అసలు ప్రశ్న, కొనవలెనా వద్దా? పిల్లవాడు మొదలుపెట్టి ఏడాది కాలేదా, కొనవద్దు. 88 మెట్లు గలిగి, మెట్లకు బరువున్న డిజిటల్ పియానో ఒకటి చాలును. కొత్త నిలువు పియానో లక్షలలో మాట. డిజిటల్ వేలలో దొరకును. ఐ.టి. ఉద్యోగులు విదేశములకు పోవునప్పుడు అమ్మివేయునవి ఇంకా చౌక. దానిని శ్రుతి చేయనక్కరలేదు. హెడ్‌ఫోను పెట్టుకొంటే ప్రక్క వాటావారి నిద్ర చెడదు, ఇది బోరబండలో చిన్న సంగతి కాదు. అయితే "మెట్లకు బరువున్నది" అని ప్రకటనలో చదివి నమ్మవద్దు. అంగడిలో నొక్కి చూడండి. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకవలెను. క్రింది మెట్లు పై మెట్లకంటె కొంచెము బరువుగా ఉండవలెను.

ఒక ఏడాది, ఎవరూ గదమాయించకుండనే దినమునకు అరగంట కూర్చుండు బిడ్డ అని తేలిన తరువాత నిలువు పియానో మాట ఎత్తండి. అప్పుడు మాత్రము లోభించకండి. తీగ నిజముగా మ్రోగుట, ఆ కంపము వేలికి తగులుట, పెడలు త్రొక్కగానే మిగిలిన తీగలన్నియు తోడు పలుకుట – ఇవి డిజిటల్‌లో పూర్తిగా రావు. గ్రేడులు పెరిగేకొద్దీ ఆ లోటు తెలిసిపోవును.

పాత పియానోలను గూర్చి కొంచెము ఎక్కువసేపు చెప్పుదును, మోసము జరుగునది అక్కడనే. సికింద్రాబాదు కంటోన్మెంటు బంగళాలలోను, లాలాగూడ రైల్వే క్వార్టర్ల వైపు ఇళ్ళలోను ఒకప్పుడు ఇంగ్లాండు పియానోలుండెడివి. కొన్ని ఉష్ణదేశములకని ప్రత్యేకముగా మరలు బిగించి చేసినవి కూడ. నూరేండ్లనాటి ఆ వస్తువు నునుపైన పాలిషుతో, ఇత్తడి దీపపు స్తంభములతో మీ ముందు నిలబడితే మనసు లొంగును. లొంగవద్దు. ముందు పై మూత ఎత్తి టార్చి వేయండి. వీణకు బిరడలున్నట్లే దీనికి తీగకొక ఇనుప బిరడ, గట్టి చెక్కలోనికి దిగగొట్టి ఉండును. ఆ చెక్క ఎండి పట్టు వదలినచో ఎన్నిసార్లు శ్రుతి చేసినా నిలువదు. నాకు తెలిసిన ఒక కుటుంబమువారు ఇటువంటి పియానో కొనిరి. శుక్రవారము శ్రుతి చేయించిరి, ఆదివారము నాటికి దిగజారినది. బిరడలన్నీ మార్చుటకు అడిగిన సొమ్ము పియానో ధరను మించినది. నేడది వారింట ఫోటోలు పెట్టుకొను బల్ల.

తరువాత లోపల మెట్లవైపు చూడండి. తీగలకు అడ్డముగా, సుత్తులకు పైన, పంజరపు ఊచలవలె తీగెలు వరుసగా కనబడినచో అది నాదమును ఆపు సాధనము పైన అమర్చిన పాత రకము. స్వరము సరిగా ఆగదు. పిల్లలకు పనికిరాదు. సుత్తుల ముక్కు చూడండి, తీగలు కొట్టి కొట్టి లోతైన గాట్లు పడినవా? ఆ ఫెల్టు ఉన్నితో చేసినది గనుక చిమ్మెటలు తినును. వెనుకకు పోయి చెక్కలో చెదలు ఉన్నదేమో తట్టి చూడండి. వీణ గుర్రము వంటిదే ఇందులోను ఒకటి ధ్వని పలక మీద ఉండును, క్రింది స్వరముల వైపు అది పగిలియున్నదేమో చూడండి. అప్పుడు 88 మెట్లను ఒక్కొక్కటిగా, ఒకసారి మెల్లగా, ఒకసారి గట్టిగా, ఒకసారి గబగబ పదిసార్లు నొక్కండి. అమ్మువారు విసుగుకొందురు, విసుగుకొననివ్వండి. చివరకు ఫోనులోని శ్రుతి యంత్రముతో నడిమి స్థాయి 'ఏ' స్వరము 440 ఉన్నదా చూడండి. అర స్వరము తగ్గియున్నచో దానిని పైకి లాగునప్పుడు తుప్పుపట్టిన తీగలు తెగవచ్చును.

సొమ్ము ఇచ్చుటకు ముందు శ్రుతి చేయు పనివానిని వెంటబెట్టుకొని పొండి. ఆయనకిచ్చు రుసుము వ్యర్థము కాదు. నా సలహా అడిగినచో, నూరేండ్ల ఇంగ్లాండు పియానోకంటె ముప్పది, నలువది ఏండ్ల జపాను పియానో, యమహాగాని కవాయిగాని, మేలు. లోపలి చట్రము మీద ఉన్న సంఖ్యనుబట్టి అది చేసిన సంవత్సరము తెలిసికొనవచ్చును. అమ్మువాడు చెప్పు సంవత్సరము వేరు, ఆ సంఖ్య చెప్పునది వేరు కావచ్చును.

కొనేముందే ఇంకొక పని. మీ ఇంటి మేడమెట్ల వెడల్పు, మలుపు దగ్గర స్థలము టేపుతో కొలవండి. మీటరున్నర పొడుగు గల పెట్టె ఆ మలుపు తిరుగునా? తిరుగదని సందులోకి వచ్చిన తరువాత తెలిసినచో ఆటోట్రాలీ వాడు దింపి పోవును, పైన మేఘమున్నది. అలవాటున్న కూలీలు నలుగురైదుగురు, పట్టాలు, దుప్పట్లు ఉండవలెను. స్లాబు మోయునా అని భయపడనక్కరలేదు, గోడ ప్రక్కన దూలము మీదుగా పెట్టినచో చాలును.

పెట్టు చోటు మాత్రము ఆలోచించవలెను. మన ఊరి ఎండకాలపు మధ్యాహ్నములలో గాలిలో తేమ 30 శాతము లోపునకు పడిపోవుట మామూలే. ఆగస్టులో 80 వరకు ఎక్కును. పియానోకు నచ్చునది 40 మొదలు 60. ఎండకు చెక్క ముడుచుకొని శ్రుతి తగ్గును, వానకు ఉబ్బి శ్రుతి పెరుగును, మెట్లు పట్టుకొనును. కిటికీ క్రింద వద్దు, వాన చెమ్మదిగు గోడకు వద్దు, వంటగది ప్రక్కన వద్దు. అన్నిటికంటె ముఖ్యముగా ఎయిర్ కూలరు ఎదుట వద్దు! తడి గాలి సూటిగా కొట్టినచో రెండు వేసవులలో తీగలు తుప్పుపట్టును. లోపలి గోడకు అరచేయి పట్టునంత సందు విడిచి పెట్టండి. పైన పూలకూజా పెట్టవద్దని అమ్మలకు ప్రత్యేక మనవి.

చిన్నపిల్లలకు ఎత్తు మార్చుకొను బల్ల కావలెను. మోచేయి మెట్ల మట్టమునకు రావలెను, పాదములు గాలిలో వ్రేలాడకుండ క్రింద ఒక పీట వేయండి.

కొనలేనివారి మాట. మన దేవాలయములో ఉన్న పియానో వారమునకు ఒక్క గంట మ్రోగి మిగిలిన కాలమంతయు గుడ్డ కప్పుకొని ఉండును. తాళము చెవి ఎవరి దగ్గర ఉన్నదో పిల్లలకు తెలియదు. సాయంకాలములలో, పెద్దవారొకరు కూర్చుండగా, అరగంట చొప్పున పిల్లలకు విడిచిపెట్టవలెనని పాస్టరేటు కమిటీవారిని సభాముఖముగా అడుగుచున్నాను. పిల్లలు పాడుచేయుదురని ఒక పెద్ద అన్నారు. వాడక పాడైన పియానోలనే నేను చూచితిని.

చివరి సంగతి శ్రుతి. ఏడాదికి రెండుసార్లు, వానలు వెనుకబట్టిన తరువాత ఒకసారి, వేసవికి ముందు ఒకసారి చేయించవలెను. క్రొత్తగా ఇంటికి తెచ్చినచో వెంటనే వద్దు, రెండు మూడు వారములు ఆ గది గాలికి అలవాటు పడనివ్వండి. ఈ పని తెలిసినవారు మన నగరములో కొద్దిమందే, వచ్చిపోవుటకే వారికి పూట గడచును. కనుక బోరబండ, మోతీనగర్, ఎర్రగడ్డ వైపు పియానోలున్న కుటుంబములు ఒకే దినమున పిలిచినచో ఖర్చు పంచుకొనవచ్చును. దేవాలయపు పియానోను కూడ ఆ లెక్కలో చేర్చుదము. టీ ఇచ్చు సమయములో వెనుక బల్లమీద ఒక పుస్తకము ఉంచుదును. పేరు, ఇంటి నంబరు, పియానో ఏ రకముదో వ్రాసి పొండి.