ఒకే పేరు, ఒకే తాళంచెవి



పాటల మధ్య మేము కంప్యూటర్ లాగిన్ ముచ్చట తెస్తే నవ్వుతారేమో. మనకు మాత్రం ఈ ముచ్చట పేరు దగ్గరే మొదలవుతుంది. తండా పిల్లల హాజరు పట్టీ తెరిస్తే బానోతు, భూక్యా, ధరావత్, మళ్లీ బానోతు. ఒక ఏడాది మా హాస్టల్లో ఇంటిపేరుతో సహా ఒకే పేరున్న అమ్మాయిలు ఇద్దరున్నారు. ఒకరి స్కాలర్‌షిప్ దరఖాస్తులో ఇంకొకరి బ్యాంకు నంబరు ఎక్కింది. సరిచేయించేసరికి మూడు నెలలు పట్టింది. తప్పు మాదే. పేరు చూశాం, తండ్రి పేరు చూడలేదు.

ఇలాంటి చిక్కే వికీపీడియాకూ వచ్చింది. అది నడిచే మీడియావికీ ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్, దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు. మొదట్లో తెలుగు వికీపీడియాకు ఒక ఖాతా, ఇంగ్లీషుకు మరొకటి, ఫొటోలు పెట్టే కామన్స్‌కు ఇంకొకటి ఉండేవి. అన్నిటికీ ఒకే లాగిన్ 2008లో మొదలుపెట్టారు, 2015 ఏప్రిల్‌లో గానీ పూర్తికాలేదు. కోడ్ రాయడం ఒక ఎత్తు, పేర్ల తగవు ఒక ఎత్తు. తెలుగులో ‘రవి’ ఒకరు, ఫ్రెంచిలో ‘రవి’ వేరొకరు అనుకోండి. పేరు కలిసిందని ఖాతాలు కలపలేదు. పాస్‌వర్డో, ధ్రువీకరించిన ఈమెయిలో సరిపోతేనే ఇద్దరూ ఒకే మనిషని నమ్మారు. మిగిలిన ఖాతాల పేరు చివర ఏ వికీదో చేర్చారు. ఏళ్ల తరబడి వాడిన పేరు పోతే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. అయినా వాళ్ల రాతలు వాళ్ల ఖాతాలోనే ఉంచారు. మాకు నచ్చింది అదే.

2013లో ఓఆత్ అనే ఏర్పాటు కూడా పెట్టారు. మేము వంటామెకు స్టోర్ గది తాళంచెవి ఇస్తాం, బీరువాది ఇవ్వం కదా! అలాగే వేరే పరికరం మన తరఫున ఫొటోలు ఎక్కిస్తుంది, మన పాస్‌వర్డ్ మాత్రం దానికి తెలియదు. వద్దనుకున్న రోజు ఆ అనుమతి రద్దు చేసుకోవచ్చు.

అయితే ఒకే తాళంచెవి పోయిందంటే అన్ని తలుపులూ మూతపడ్డట్టే. మన ఇళ్లలో ఫోన్ ఒక్కటే, అదీ పనికి పోయిన నాయన జేబులో. ఓటీపీ ఆయనకు పోతుంది, పిల్ల ఇక్కడ తెర ముందు కూర్చుంటుంది. వికీ ఖాతాకు ఫోన్ నంబరు అక్కర్లేదు, ఈమెయిలు కూడా తప్పనిసరి కాదు. సులువే కదా అని మేమూ మా పిల్లలతో ఈమెయిలు లేకుండానే ఖాతాలు తెరిపించాం. తీజ్ బుట్టల ఫొటోలు కామన్స్‌లో పెట్టిన ఇద్దరు సెలవుల తర్వాత వచ్చి పాస్‌వర్డ్ మరిచిపోయామన్నారు. ఈమెయిలు లేదు కాబట్టి కొత్తది తెప్పించుకునే దారి లేదు. ఫొటోలు అక్కడే ఉన్నాయి, ఆ పేరుతో లోపలికి మాత్రం పోలేరు.

మీలో కొందరు గోర్‌బోలి పాటలు దాచే సైటు కడతామంటున్నారు. లాగిన్ మీరే కొత్తగా రాయకండి. పదిమంది పరీక్షించిన ఓపెన్‌సోర్స్‌దే తెచ్చుకోండి. పాట ఎక్కించే పిల్లవాడి ఖాతా వేరు, పాడిన యాడి పేరు వేరు. ఆమె పేరు పక్కన తండా, మండలం రాయండి. ఒకే పేరున్న యాడీలు మన చుట్టూ ఎందరో!

ఆదివారం మా హాస్టల్ కంప్యూటర్ ఖాళీగా ఉంటుంది. ఆ ఇద్దరూ కొత్త ఖాతా తెరవాలి, ఈసారి ఈమెయిలుతో. తోడుగా ఎవరైనా వస్తారా?