నీళ్ల బిల్లు అందరిదీ అయితే ఎవరిదీ కాదు!

పోయిన నెల మీ ఇంట్లో ఎన్ని లీటర్ల నీళ్లు వాడారు? మొబైల్ డేటా ఎంత మిగిలిందో టక్కున చెప్తాం కానీ, నీళ్ల లెక్క మనకి తెలీదు.

హైదరాబాద్‌లో 2021 జనవరిలో ఉచిత నీళ్ల స్కీమ్ మొదలైంది. ఇంటికి నెలకి 20,000 లీటర్లు ఫ్రీ, దాటితే బిల్లు. బస్తీల్లో తప్ప మీటర్ ఉండాలి. అపార్ట్‌మెంట్ అయితే ఫ్లాట్‌కి 20,000 చొప్పున కలిపి లెక్క. పొదుపుగా వాడితే జీరో బిల్లు. ఐడియా బాగుంది కదా?

కానీ మా అపార్ట్‌మెంట్ మొత్తానికీ మీటర్ ఒక్కటే. బిల్లు, ఎండాకాలం ట్యాంకర్ల ఖర్చు, అన్నీ మెయింటెనెన్స్‌లో సమానంగా పంచేస్తారు. నేను ఒక బకెట్‌తో స్నానం చేసినా, పక్కింట్లో అరగంట షవర్ నడిచినా కట్టేది ఒకటే. మరి ఎవరు ఆపుతారు?

నిజం చెప్పనా? నేనూ ఆపలేదు. మా ఫ్లష్ ట్యాంక్ రెండు నెలలు కారింది. ప్లంబర్‌కి డబ్బులు దండగని వదిలేశా. తర్వాత ఫ్లాట్‌కో సబ్ మీటర్ పెట్టారు. మొదటి బిల్లు చూసిన సాయంత్రమే ప్లంబర్‌కి ఫోన్ చేశా! నాకేం కొత్తగా బుద్ధి రాలేదు, లెక్క కనిపించిందంతే.

అవసరానికి సరిపడా నీళ్లు అందరికీ ఉచితంగానే ఇవ్వాలి. ఆపైన ఎవరు వాడితే వాళ్లే కట్టాలి. ఈసారి అసోసియేషన్ మీటింగ్‌లో సబ్ మీటర్ల గురించి మీరే అడగండి.