నామినీ అంటే ఓనర్ కాదు: నాన్న పోయాక నేను చేయబోయిన తప్పు

మామూలుగా ఇక్కడ కోడింగ్, జాబ్స్ గురించి మాట్లాడుకుంటాం కదా, ఈ రోజు అది కాదు. రెండేళ్ల కిందట మా నాన్న పోయారు. విల్లు రాయలేదు. ఆ తర్వాత నేను ఏం చేయబోయానో చెప్తా.

నాన్న ఎఫ్‌డీలకు నామినీ నేనే. సో డబ్బు నాదే అనుకున్నా. బీటెక్ చదివాం, ఆ మాత్రం తెలీదా అన్న ధీమా! నామినీ అంటే బ్యాంకు ఎవరి చేతికి డబ్బు ఇవ్వాలో చెప్పే పేరు, అంతే. మనం ఇంట్లో లేనప్పుడు వాచ్‌మన్ పార్సిల్ తీసుకుంటాడు, అది ఆయనది అయిపోదుగా. వారసులందరికీ అందులో వాటా ఉంటుంది. షేర్ల విషయంలోనూ 2023 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఇన్సూరెన్స్ లెక్క కొంచెం వేరు, 2015లో చట్టం మారింది. అది ఇంకో ఎపిసోడ్‌లో.

ఇక ఇల్లు. నాన్న తన సంపాదనతో కట్టింది. పెద్దకర్మ అయిన వారానికి ఒక బంధువు, "అక్కకి పెళ్లప్పుడే ఇచ్చేశారు కదరా, ఒక సంతకం పెట్టించుకో, ఫార్మాలిటీనే" అన్నారు. అంటే తన వాటా వదులుకుంటున్నట్టు రిలింక్విష్‌మెంట్ డీడ్. ఒకసారి రిజిస్టర్ అయ్యాక, తర్వాత అక్క వద్దనుకున్నా తనంతట తాను రద్దు చేసుకోలేదు. నేను డాక్యుమెంట్ రైటర్ దగ్గర రాయించుకుని అక్క ఇంటికి వెళ్లా.

అక్క బాబుకి అన్నం పెడుతోంది. "చెయ్యి ఖాళీ లేదు, ఈలోపు చదివి వినిపించరా" అంది.

మొదలుపెట్టా. "నా ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నాకున్న హక్కంతా నా తమ్ముడికి..." అక్కడ ఆగిపోయా. ఆ మాటలు తను ఎప్పుడూ అనలేదు, నేను రాయించినవి. అక్క తిట్టలేదు. "అది నాన్న కట్టిన ఇల్లు కదరా" అంది, అంతే. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని వచ్చేశా.

మర్నాడు లాయర్ దగ్గరికి వెళ్లా. ముందే వెళ్లాల్సింది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం, మగమనిషి విల్లు రాయకుండా పోతే ఆయన సొంత ఆస్తిలో భార్యకి, కొడుకులకి, కూతుళ్లకి, తల్లికి తలా ఒక సమాన వాటా. కూతురికి పెళ్లయిందా, కట్నం ఇచ్చారా అనేది లెక్కలోకే రాదు. ముస్లింలకి, క్రైస్తవులకి వేరే చట్టాలున్నాయి.

మా ఇంట్లో అయితే అమ్మ, అక్క, నేను, నాన్నమ్మ. తలా పావు. అవును, నాన్నమ్మకి కూడా! హాల్లో సీరియల్ చూస్తూ కూర్చునే ఆవిడ మా ఎవరి లెక్కలోనూ లేదు. తాతయ్య లేరు కాబట్టి, రేపు ఆవిడ విల్లు లేకుండా పోతే ఆ పావు బాబాయికి, అత్తకి, నాన్న వంతు కింద అక్కకీ నాకూ చీలుతుంది. చాలా ఇళ్లల్లో కేసులు మొదలయ్యేది ఇక్కడే.

కాగితాల సంగతి త్వరగా చెప్తా. డెత్ సర్టిఫికెట్ కాపీలు ఎక్కువ తీసుకోండి. తహసీల్దార్ ఆఫీసు నుంచి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కావాలి. నామినీ లేని పెద్ద మొత్తాలకి బ్యాంకు సక్సెషన్ సర్టిఫికెట్ అడగొచ్చు, అది సివిల్ కోర్టు ఇస్తుంది. కానీ ఇంటికి, పొలానికి అది పనికిరాదు. విల్లు ఉంటే ఇద్దరు సాక్షుల సంతకాలు ఉన్నాయో లేదో చూడండి. మన రెండు రాష్ట్రాల్లో ప్రొబేట్ తప్పనిసరి కాదు, కానీ ఎవరైనా అది దొంగ విల్లు అంటే కోర్టులో నిరూపించాల్సిందే.

ఇప్పుడు ఇల్లు నలుగురి పేరు మీదా ఉంది. ఎఫ్‌డీ డబ్బు కూడా నాలుగు భాగాలు చేశాం. నాన్నమ్మకి విషయం చెప్తే, "నాకెందుకురా?" అని, ఒక్క నిమిషం ఆగి, "సరే, నా పేరు తెలుగులోనే రాయించు, చదువుకుంటా" అంది.