కొనుటకు ముందు అడుగవలసిన మూడు ప్రశ్నలు

కుండను కొనువారు దానిని వ్రేలితో కొట్టి చూచెదరు. ఎద్దును కొనువారు నోరు తెరపించి పండ్లు లెక్కించెదరు. బియ్యమును కొనువారు గుప్పెడు గింజలు అరచేతిలో పోసికొని, రెండు నోట వేసికొని కొరికి చూచెదరు. బేరము కుదిరి సొమ్ము చేతులు మారిన పిదప కుమ్మరికి ఆ కుండతో సంబంధము లేదు. ఎద్దు మన కొట్టములోనిదే యగును. వస్తువులను కొనుటలో తరతరములుగా మనము సంపాదించుకొన్న తెలివి అంతయు ఇట్టి వస్తువులను గూర్చినదే.

ఫోను, కంప్యూటరు మున్నగు నేటి పరికరములు ఈ కోవకు చెందినవి కావు. వీని గుణదోషములు పైకి కనబడు గాజులోను లోహములోను లేవు. లోపల నున్న ఆజ్ఞల సముదాయములో నున్నవి. ఆ ఆజ్ఞల సముదాయమునకే సాఫ్ట్‌వేరు అని పేరు. ఒక్కొక్క పనికై విడిగా కూర్చిన సాఫ్ట్‌వేరును యాప్ అనుచున్నాము. మన యింటి రేడియో పెట్టె కర్మాగారము నుండి బయలుదేరిన నాడు ఏ పని చేసెనో, 30 ఏండ్ల తరువాతను అదే పని చేయును. ఫోను అట్లు కాదు. దానిని చేసినవారు దూరమున నుండియే లోపలి ఆజ్ఞలను మార్చగలరు, చేర్చగలరు, తీసివేయగలరు. అనగా అమ్మినవాడు అమ్మిన పిదప కూడ ఆ వస్తువుపై నుండి చేయి తీయడు. అది కొన్ని వేళల మేలు, కొన్ని వేళల కీడు.

నేను ఈ పరికరములయందు మిక్కిలి మక్కువ గల యువకుడను. క్రొత్త ఫోను వచ్చినదన్న దాని వివరములు చదువనిదే నాకు నిద్ర పట్టదు. ఏది కొనవలెనని బంధుమిత్రులు నన్నడుగుచుందురు. వారిలో పెక్కుమంది విచారించునది పెట్టెపై ముద్రించిన అంకెలను గూర్చియే. కెమెరాకు ఎన్ని మెగాపిక్సెళ్లు? మెమొరీ ఎన్ని జీబీలు? ఈ అంకెలు అబద్ధములని నేననను. కాని చెప్పవలసినదంతయు అవి చెప్పవు. మెగాపిక్సెళ్లు పెరిగినంత మాత్రమున ఛాయాచిత్రము బాగుండునను నియమము లేదు. కటకము నాణ్యము, వెలుతురును గ్రహించు ఫలకము పరిమాణము, ఆ వెలుతురును బొమ్మగా మలచు సాఫ్ట్‌వేరు—ఈ మూడును కలిసి చిత్రమును నిర్ణయించును. కావున అంకెలకు ముందు అడుగవలసిన ప్రశ్నలు మూడు కలవని నా అభిప్రాయము. ఇది నా భాషలో నా మాట వినునా? నా నుండి ఏమి తీసికొనును? ఎన్నాళ్లు బ్రతుకును?

మొదటి ప్రశ్న భాషను గూర్చినది. కంప్యూటరునకు అక్షరములు తెలియవు, అంకెలు మాత్రమే తెలియును. కావున ప్రతి అక్షరమునకు ఒక సంఖ్యను నియమింపవలసి యుండును. ఒకప్పుడు తెలుగు అక్షరములకు ఎవరి సంఖ్యలు వారివిగా నుండెను. ఒక ఖతిలో కూర్చిన వ్యాసమును ఆ ఖతి లేని కంప్యూటరులో తెరచినచో తెలుగునకు బదులు అర్థము లేని గుర్తులు కనబడెడివి. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి ప్రమాణము ప్రపంచమునందలి ఇతర లిపులతోపాటు తెలుగు లిపికిని 128 స్థానములను ప్రత్యేకించెను. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి అను తెలుగు ఖతి వచ్చెను. తిరుమల కృష్ణ దేశికాచార్యులుగారు పోతన, వేమన అను ఖతులను రూపొందించి ఉచితముగా లోకమున కొసగిరి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమయ్యెను. ఇంగ్లీషు మీటలతోనే తెలుగు వ్రాయుటకు లేఖిని వంటి ఉపకరణములు వచ్చెను. నేడు మనము ఫోనులో తెలుగున నాలుగు మాటలు వ్రాసి పంపుకొనుచున్నామన్న అది తనంత తాను జరిగినది కాదు. భాషపై మమకారము గలవారు పనిగట్టుకొని చేసిన కృషి దాని వెనుక నున్నది.

మన లిపి యంత్రమునకు సులభమైనది కాదు. 'జ్ఞా' అనుదానిని మనము ఒక్క అక్షరముగా చూతుము. యంత్రమునకు అది జకారము, పొల్లు, ఞకారము, దీర్ఘము అను నాలుగు సంఖ్యల వరుస. వానిని కలిపి ఒక రూపముగా చిత్రించుట సాఫ్ట్‌వేరు పని. 2018 ఫిబ్రవరిలో ఒక చిత్రమైన సంగతి జరిగెను. ఈ వరుస నడుమ కంటికి కనబడని మరియొక గుర్తు చేరిన 'జ్ఞా' సందేశములో వచ్చినచో, ఐఫోనులో ఆ సందేశమును చూపవలసిన యాప్ మూతపడి మరల తెరచుకొనకుండెను. లోపము మన అక్షరములో లేదు, దానిని చిత్రించు సాఫ్ట్‌వేరులో నుండెను. యాపిల్ సంస్థ ఆ నెల 19వ తేదీన 11.2.6 అను సవరణను విడుదల చేసి దానిని సరిదిద్దెను. దూరమునుండి చేయి చాపుట మేలైన సందర్భములలో ఇది యొకటి. ఒక భాషలో ప్రతిదినము వ్రాయువారు పెరిగిన కొలది ఇట్టి లోపములు త్వరగా బయటపడును, త్వరగా తీరును. మనము తెలుగున వ్రాయకున్న మన తెలుగును బాగుచేయుటకు ఎవరు పూనుకొందురు?

కావున దుకాణములోనే పరీక్షింపుడు. ఫోను భాషను తెలుగునకు మార్చి చూడుడు. 'స్త్రీ', 'వైశిష్ట్యము', 'జ్ఞానము' అను మాటలను టైపు చేయుడు. ఒక బంధువు పేరును తెలుగున వ్రాసి భద్రపరచి, మరల వెదకినచో దొరకునేమో చూడుడు. పలికిన తెలుగు మాటను వ్రాతగా మార్చు సౌకర్యమును గూగుల్ సంస్థ 2017 ఆగస్టులో ప్రకటించెను. కన్ను మసకబారి వ్రేళ్లు వణకు పెద్దలకు అది గొప్ప ఆసరా. కాని పెక్కు యాపులలో తెలుగు పైపూత మాత్రమే. మీటలపై పేర్లు తెలుగున నుండును. సొమ్మునకు సంబంధించిన షరతులు, తప్పు జరిగినపుడు వచ్చు హెచ్చరికలు ఇంగ్లీషున నుండును. అవసరము వచ్చిన చోటనే భాష మనలను విడిచిపోవును. మీటపై తెలుగున్నంత మాత్రమున దానిని నేను తెలుగు యాప్ అనను. ఆపద వేళ తెలుగున మాటలాడునదే తెలుగు యాప్.

రెండవ ప్రశ్న, ఇది నా నుండి ఏమి తీసికొనుననునది. ఒకప్పుడు రేడియో పెట్టె గల గృహస్థు తపాలా కార్యాలయమునకు బోయి లైసెన్సు రుసుము చెల్లించెడివాడు. ఆ రుసుము కొందరికి భారముగా నుండవచ్చును; కాని ఎంత చెల్లించితినో, ఎందులకు చెల్లించితినో వానికి తెలిసియుండెను. నేడు ఉచితమని చెప్పు యాపులలో చాలవానికి మనము చెల్లించు రుసుము వేరు. మన యునికి, మన బంధుమిత్రుల ఫోను నంబర్లు, మన చిత్రములు—ఇవియే ఆ రుసుము.

ఒక యుదాహరణము. అమెరికాలో బ్రైటెస్ట్ ఫ్లాష్‌లైట్ అను యాప్ యుండెను. ఫోనును టార్చిలైటువలె వెలిగించుటయే దాని పని. అది వాడువారి యునికిని గ్రహించి ప్రకటనలవారికి అందించుచున్నదని అచటి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించి, 2013 డిసెంబరులో దాని కర్తను ఒడంబడికకు దెచ్చెను. దీపము వెలిగించుటకు మన యిల్లెక్కడో దానికేల?

ఇంతకంటె ఘోరమైనది మన నడుమనే జరిగినది. క్షణములో అప్పిచ్చెదమని చెప్పిన కొన్ని యాపులు ఋణము తీసికొనువారి ఫోనులోని పేర్లను, చిత్రములను ముందుగనే దోచుకొనెను. వాయిదా తప్పినంతనే బంధువులకు, తోడి యుద్యోగులకు నీచమైన సందేశములు పంపి వారిని వీధికీడ్చెను. 2020 డిసెంబరునాటికి తెలంగాణమున కొందరు ఆ యవమానమును భరింపలేక ప్రాణములు తీసికొనిరి. హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కేసులు పెట్టి పలువురిని నిర్బంధించిరి. 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు, ఋణమిచ్చు యాపులు ఫోనులోని పేర్ల పట్టికను, మాటలాడిన నంబర్ల వివరములను, చిత్రములను ముట్టరాదని శాసించెను. ఒక మీటపై 'అనుమతించు' అని వ్రాసియుండుట చిన్న సంగతిగా తోచును. దానిని నొక్కుటలో కుటుంబ గౌరవమే యిమిడియుండవచ్చును.

2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 మొదలుకొని యాప్ తనకు కావలసిన అనుమతులను ఒక్కొక్కటిగా అడుగవలసి వచ్చినది. మనము కాదనవచ్చును, ఇచ్చినదానిని వెనుకకు తీసికొనవచ్చును. అయినను ఎందరో అది యడిగినదే తడవుగా ఔననుచున్నారు. గడప దాటి వచ్చిన అపరిచితుడు బీరువా తాళము అడిగిన ఇత్తుమా? గోపనీయత పౌరుని ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము ఏకగ్రీవముగా తీర్పు చెప్పినది. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టము వచ్చినది. కాని తాళము మన చేతిలో నున్నపుడు దానిని మనము వాడుకొనవలెను గదా!

సొమ్ము విషయమున ఒక్క సూత్రము ప్రతి యింటను కంఠస్థము కావలెను. 2016లో వచ్చిన యూపీఐ పద్ధతిలో మనకు రావలసిన డబ్బు వచ్చుటకు పిన్ నంబరు అవసరము లేదు. పిన్ కొట్టినచో డబ్బు పోవునే గాని రాదు. "మీకు సొమ్ము పంపుచున్నాము, పిన్ కొట్టుడు" అను వాడెవడైనను మోసగాడే. మోసము జరిగినచో సంకోచము విడిచి వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా చెప్పిన సొమ్ము నిలువరించుట కంత అవకాశము.

మూడవ ప్రశ్న ఆయుర్దాయమును గూర్చినది. దొంగలు క్రొత్త దారులు కనుగొనుచుందురు గనుక సాఫ్ట్‌వేరునకు భద్రతా సవరణలు వచ్చుచుండవలెను. చేసినవారు సవరణలు నిలిపివేసిన నాడు పరికరము చక్కగా వెలుగుచునే యుండును, కాని దాని తలుపునకు గడియ లేనట్లే. 2015లో వచ్చిన విండోస్ 10నకు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14తో ముగించెను. తరువాతిదైన విండోస్ 11 కోరు భద్రతా భాగములు లేని పాత కంప్యూటర్లు అనేకము కలవు. వానిలో ఏ భాగమును చెడలేదు. అయినను వాని కాలము తీరినదని దూరమున నెవరో నిర్ణయించిరి. చేయి చాపుట మాత్రమే కాదు, చేయి ముడుచుకొనుటయు వారి వశమే.

ఇట్టి కంప్యూటరును పారవేయనక్కరలేదు. 1991లో ఫిన్లాండులో లినస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్స్ ఆధారముగా ఉచితమైన నిర్వహణ వ్యవస్థలు పెక్కు కలవు. అవి పాత యంత్రములపై హాయిగా నడచును, తెలుగును చక్కగా చూపును. హైదరాబాదులోని 'స్వేచ్ఛ' సంస్థవారు ఇట్టి సాఫ్ట్‌వేరును తెలుగువారి చెంతకు చేర్చుటకు కృషి చేసిరి. ఉత్తరములు వ్రాసికొనుటకు, పిల్లలు చదువుకొనుటకు, పాటలు వినుటకు ఇంతకంటె కావలసిన దేమున్నది?

ఫోను కొనునపుడు "దీనికి భద్రతా సవరణలు ఏ సంవత్సరము వరకు వచ్చును?" అని అడుగుడు. 2023లో గూగుల్ పిక్సెల్ 8నకు, 2024లో శాంసంగ్ గెలాక్సీ ఎస్ 24నకు ఏడేసి సంవత్సరములని ఆ సంస్థలు మాట యిచ్చినవి. తక్కువ ధర ఫోనులలో పెక్కింటికి ఈ గడువు తక్కువ. ఏటేట ఖర్చు లెక్కించిన, రెండేండ్లు బ్రతుకు చవుక ఫోనుకంటె ఆరేండ్లు బ్రతుకు మధ్యతరగతి ఫోనే చవుక కావచ్చును. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుండి ఒక నిబంధన అమలులోనికి వచ్చెను. దాని ప్రకారము ఒక రకపు ఫోను అమ్మకము నిలిపిన పిదప కనీసము 5 సంవత్సరములు సాఫ్ట్‌వేరు సవరణలు, 7 సంవత్సరములు ముఖ్యమైన విడిభాగములు అందించుచుండవలెను. 800 మారులు చార్జి చేసిన తరువాత కూడ బ్యాటరీలో తొలి సామర్థ్యమున 80 శాతమైనను మిగిలియుండవలెను. అడుగువారు గట్టిగా నున్నచో చేయువారు చేయుదురనుటకు ఇదియే నిదర్శనము.

మన చెంత మరియొక బలము కలదు. అది బాగుచేయువారి నేర్పు. హైదరాబాదు ఆబిడ్సులోని జగదీశ్ మార్కెట్టులో చిన్న బల్లముందు కూర్చుండి, కంటికి భూతద్దము తగిలించుకొని, గోరంత భాగమును మార్చి ఫోనునకు ప్రాణము పోయు పనివారిని చూచినచో నాకు చేతులెత్తి మ్రొక్కవలెననిపించును. బ్యాటరీ నీరసించినంతనే ఫోను ముసలిదైనదని తలంపరాదు. క్రొత్త బ్యాటరీతో అది మరి రెండేండ్లు సేవ చేయవచ్చును.

తుదకు నా వయసువారికి ఒక మాట. ఇంటిలోని పెద్దలు ఫోను తెచ్చి యిచ్చినపుడు మనము దానిని లాగికొని, నాలుగు మీటలు గబగబ నొక్కి, "అయినది, తీసికొనుము" అని చేత పెట్టుచున్నాము. అది సాయమువలె కనబడును, కాని రేపు మరల వారు మనకొరకు ఎదురుచూడవలసినదే. మనము లేనివేళ మోసగాడు ఫోను చేసినచో ఏమి చేయవలెనో వారికి తెలియదు. ఫోను వారి చేతనే యుంచుడు. మీట ఎచట నున్నదో చూపుడు. వారి వ్రేలితోనే నొక్కనిండు. ఏ యాప్ ఏమి అడుగుచున్నదో చదివి వినిపింపుడు. అక్కరలేనివానిని వారిచేతనే తీసివేయింపుడు. నెలకొక సాయంకాలము దీనికి చాలును. మొదట విసుగు కలుగును, తరువాత అలవాటగును. పరికరము ఎవరిదో దాని తాళమును వారి చేతిలోనే యుండవలెను.