రంగుసిరాలు - వాని గుణదోషములు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావింపబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయోత్సవములందు గ్రంథములను గూర్చియు, గ్రంథకర్తలను గూర్చియు ప్రసంగించుట పరిపాటి. గ్రంథమునకు మూలము వ్రాతప్రతి. వ్రాతప్రతికి ప్రాణము సిరా. ఆ సిరాను గూర్చి పలుకువారు అరుదు. వ్రాత యారిన పిమ్మట సిరాను ఎవరును తలపరు; అది చెడినప్పుడే తలపునకు వచ్చును. ఈ గ్రంథాలయమున అట్టి సందర్భ మొకటి తటస్థించినది గనుక, ఫౌంటెను కలములలో పోయు రంగుసిరాల తారతమ్యమును విచారించుట నేడు అప్రస్తుతము కాజాలదు.

సందర్భ మిది. గ్రంథాలయము స్థాపింపబడిన నాడు దాతల పట్టిక యొకటి ప్రారంభింపబడినది. ధనము గలవారు ధన మిచ్చిరి. లేనివారు ధాన్య మిచ్చిరి. అదియు లేనివారు ఇటుకలు మోసిరి. ఆ పట్టికను ఒక్క చేయి వ్రాయలేదు. అప్పటికి ఎవరి జేబున కలమున్న వారు వ్రాసిరి. కొన్ని పేరులు నీలిసిరాతోను, కొన్ని నీలినలుపు సిరాతోను, మొత్తములు ఎఱ్ఱసిరాతోను పడినవి. కొన్నియేండ్లకు ఒక వానకాలమున కప్పు కారి బీరువాలోనికి నీరు దిగినది. పట్టికను ఆరబెట్టి విప్పి చూడగా, నీలినలుపు సిరాతో వ్రాసిన పేరులు చదువ వీలుగనే యున్నవి. నీలిసిరా పేరులు పుట యంతటను పరచుకొనిపోయినవి. ఎఱ్ఱని మొత్తములు గులాబిరంగు మరకలైనవి.

ఈ యేడు రజతోత్సవ వార్త విని, ఒక శ్రామికుని కుమార్తె అత్తవారి యూరినుండి వచ్చినది. ఆమె తండ్రి గ్రంథాలయపు పునాదికి సున్నము మోసి, రెండు దినముల కూలి విడిచిన మనిషి. తండ్రి పేరు చూపుడని ఆమె కోరినది. పుట తీసి చూపిరి. అచట నీలిమరక యున్నది; పేరు లేదు. ఆమె మరకపై వ్రేలుంచి "ఇదేనా అయ్యా?" అని యడిగినది. చూపినవారు మాటలాడలేకపోయిరి. ఆ మౌనమే ఈ ప్రసంగమునకు కారణము.

తాళపత్రములపై గంటముతో వ్రాయు కాలమున ఈ భయము లేదు. అక్షరము ఆకులో దిగిన గీత. దీపపు మసిని నూనెతో కలిపి ఆకుపై పులిమి తుడిచినచో, గీతలలో మాత్రము నలుపు నిలుచును. మసి పోయినను గీత పోదు, మరల పులుముకొనవచ్చును. కాగితము వచ్చినతోడనే ఆ రక్షణ తొలగినది. కాగితముపై సిరాయే అక్షరము. సిరా పోయిన అక్షరము పోయినట్లే. సి. పి. బ్రౌను దొర తెలుగు కావ్యములను తాళపత్రములనుండి కాగితములపైకి ఎత్తివ్రాయించి, పండితులచేత పాఠములు సరిచూపించి భద్రపఱచెను. ఆయన 1829లో వేమన పద్యములను అచ్చువేయించుటకు వ్రాతప్రతులే ఆధారము. ఆనాటి లేఖకులు నిలువని సిరాతో వ్రాసియుండినచో ఎన్ని పద్యములు తెలుగువారికి దక్కకపోయెడివో ఊహించుకొనవచ్చును.

సిరాలు ముఖ్యముగా మూడు తెగలు. మొదటిది మసిసిరా. దీపపు మసిని తుమ్మబంకనీటితో నూఱిన నిది సిద్ధమగును. మసి యనగా బొగ్గు. బొగ్గు ఎండకు వెలయదు, గాలికి మాఱదు. అందువలన దీని నలుపు శతాబ్దములు నిలుచును. ఐనను ఇందు మసిరేణువులు నీటిలో కరగక తేలుచుండును. ముంచివ్రాయు పాళీకి ఇది తగును గాని, ఫౌంటెను కలమునకు తగదు. కలములోని సన్నని కాలువలో రేణువులు పేరుకొని ప్రవాహమును బంధించును. చిత్రలేఖనమునకు అమ్ము, లక్క కలిసిన "ఇండియన్ ఇంకు"ను తెలియక కలమున పోసినవారు ఆ కలమును పాఱవేయవలసిన స్థితికి వత్తురు. మిక్కిలి సూక్ష్మముగ నూఱిన మసితో ఫౌంటెను కలములకు తగిన సిరాలను జపానువారు తయారుచేయుచున్నారు. వానిని వాడువారు కలమును ఎండనీయక తఱచు కడుగుచుండవలెను.

రెండవది ఇనుపసిరా. కరక్కాయ, మాచికాయ మొదలగువానిలో వగరు కలదు. అన్నభేదియందు ఇనుము కలదు. ఈ రెంటిని నీటిలో కలిపినచో కలుగు ద్రవము మొదట పలుచని రంగుతో నుండును. దానితో వ్రాసినప్పుడు గాలిలోని ప్రాణవాయువు సోకి, అది కాగితపు నారలలోననే నీట కరగని నల్లని పదార్థముగా మాఱును. వ్రాసినప్పటికంటె మఱునాడు నల్లనగుట దీని విశేషము. వ్రాయునపుడు కంటికి కనబడుటకై అందు నీలిరంగు కలుపుదురు. నీలముగ వ్రాసి నలుపుగ మాఱును గనుకనే దీనికి నీలినలుపు సిరా యని పేరు. ఇంగ్లండున హెన్రీ స్టీఫెన్సు 1832 ప్రాంతమున ఇట్టి సిరాను వ్యాపారమునకు తెచ్చెను. ఆ దేశమున జనన, మరణ, వివాహముల నమోదుకు ప్రత్యేకముగ "రిజిస్ట్రారు సిరా" యని వాడుచు వచ్చినదియు ఈ తెగకు చెందినదే.

దీని దోషములును చెప్పవలెను. ఇందు ఆమ్లము కలదు. అది ఉక్కుపాళీని తినును. బంగారుపాళీని ఏమియు చేయజాలదు. కలమున ఎండినచో అడుగున మడ్డి పేరుకొనును. ఆమ్లము మితిమీరినచో కాగితమును గూడ తినును. ఐరోపాలోని కొన్ని ప్రాత వ్రాతప్రతులయందు అక్షరమున్న చోట రంధ్రము పడిన పుటలు కలవు. ఫౌంటెను కలములకై నేడు చేయు ఇనుపసిరాలలో ఆమ్లము తక్కువ. నెలకొకసారి చన్నీటితో కడిగిన కలమునకు వీనివలన కీడు లేదు. ఇచట హెచ్చరిక యొకటి కలదు. బుడ్డిపై "బ్లూ బ్లాక్" అని యున్నంతమాత్రమున లోపల ఇనుమున్నదని నమ్మరాదు. నేడు పెక్కు కంపెనీలవారు నీలము, నలుపు అద్దకపు రంగులను కలిపి ఆ పేరుతోనే అమ్ముచున్నారు.

మూడవది అద్దకపు రంగుల సిరా. 1856లో లండనున పదునెనిమిదేండ్ల విలియం పెర్కిను కొయినా మందును కృత్రిమముగ చేయబోయి, అది సిద్ధింపక, తారునుండి ఊదారంగును సాధించెను. ఆ వెనుక కొన్ని దశాబ్దులలో ఎఱుపు, ఆకుపచ్చ, నీలము, వంకాయరంగు - సమస్త వర్ణములును తారునుండియే పుట్టినవి. 1884లో న్యూయార్కున వాటర్మను తన ఫౌంటెను కలమునకు పేటెంటు పొందెను. నీటిలో పూర్తిగ కరగి, మడ్డి దిగని రంగులు కలమునకు కావలెను, తారురంగులు అట్టివి. ఈ రీతిగ కలమునకును రంగునకును వియ్యము కుదిరినది. అయితే నీటిలో కరగు గుణమే వీనికి శత్రువు. ఆరిన పిదపను నీరు తగిలిన మరల కరగును.

ఇక రంగుల తారతమ్యము. నీలము కంటికి హాయి, కలమునకు మృదువు, బట్టపై పడినను ఉదుకగా పోవును. అందుచేత బడిపిల్లలకు ఇది ఉత్తమము. చెఱుపుడు కలములోని మందు సోకినచో ఉదుకబడు నీలిసిరాలు చాలవఱకు రంగు కోల్పోవును. పిల్లవాని తప్పు దిద్దుటకు ఇది సదుపాయము. లెక్కల పుస్తకమున ఇదియే ప్రమాదము. ఒకటిని నాలుగు చేయువానికి నీలిసిరా తోడుదొంగ.

ఎఱుపు చూపు నాకర్షించును. మొత్తములకు, దిద్దుబాటులకు, హెచ్చరికలకు తగును. 1870-80 సంవత్సరముల నడుమ జర్మనీలో కనుగొనబడిన ఇయోసిను అను రంగు ఎఱ్ఱసిరాలకు చిరకాలము ఆధారమైనది. దీనికి వెలుతురు పడదు. ప్రసిద్ధ చిత్రకారుడు వాన్ గో 1890లో గులాబీలను చిత్రించినప్పుడు ఇయోసినుతో చేసిన రంగును వాడెను. ఆనాడు గులాబివన్నెగ నున్న ఆ పూలు నేడు దాదాపు తెల్లనైనవి. గోడకు వ్రేలాడదీయు పత్రములయందు ఎఱ్ఱసిరాతో పేరులు వ్రాయువారు ఈ సంగతి మఱువరాదు.

ఆకుపచ్చకు అధికారచిహ్నమను గౌరవము కలదు. గెజిటెడు అధికారులు దానితో సంతకము చేయుట అలవాటు. అయితే కేంద్రప్రభుత్వ కార్యాలయ పద్ధతి ననుసరించి సామాన్య లేఖనమునకు నీలమో నలుపో వాడవలెను. ఆకుపచ్చ, ఎఱుపు రంగులు సంయుక్త కార్యదర్శియు అంతకు పైవారును అరుదైన సందర్భములందు వాడునవి. ఆంగ్లేయుల రహస్య పరిశోధనశాఖకు 1909లో తొలి అధిపతియైన కమ్మింగు ఆకుపచ్చ సిరాతో సంతకము చేసెను. తరువాతి అధిపతులును ఆ యాచారమును పాటించుచు వచ్చిరి. గౌరవ మెంత యున్నను మన్నిక రాదు. సామాన్యమైన ఆకుపచ్చ సిరా నీటికి నిలువదు.

ఊదాసిరాకు అందము మెండు. ఫ్రాన్సుదేశపు బడులలో 1960 దశకము వఱకు పిల్లలు ఊదాసిరాతోనే వ్రాసిరి. ఊదాసిరాలలో పెక్కింటికి వాడిన మిథైల్ వయొలెట్ ఎండకు శీఘ్రముగ వెలయును. ఉత్తరములకు సరి, దస్తావేజులకు కాదు.

స్వదేశీ విషయమును విడువరాదు. రాజమహేంద్రవరమున కోసూరి వెంకటరత్నముగారు గాంధీమహాత్ముని ప్రోత్సాహముతో 1932 ప్రాంతమున ఎబొనైటు కలములు చేసిరి. వారు పంపిన కలము బాగుగ నున్నదని మహాత్ముడు 1935 జూలై 16న లేఖ వ్రాసెను. కలము స్వదేశీయమైన చాలదు, సిరాయు స్వదేశీయము కావలెనని వంగదేశీయులు యత్నించిరి. 1934లో రాజషాహిలో మైత్రా సోదరులు సులేఖా సిరాను ప్రారంభించిరి. సిరాబుడ్డి స్వాతంత్ర్యోద్యమమున ఒక ఆయుధమైన దినములవి. చుక్కలగొట్టముతో సిరా నింపు నట్టి కలములు వాడువారికి ఒక మాట. కలములో సిరా తగ్గినకొలది గాలి యెక్కువగును. చేతివేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాబొట్టును కాగితముపైకి త్రోయును. పావువంతు మిగులగనే మరల నింపుకొన్నచో ఈ బాధ యుండదు.

ఏ సిరా మంచిదో వర్తకుని యడుగ నక్కఱలేదు. పరీక్ష సులభము. ఒక కాగితముపై ఒక్కొక్క సిరాతో ఒక్కొక్క పంక్తి వ్రాసి, రెండు దినములు గాలికి వదలవలెను. పిదప ఆ కాగితమును నిలువున మూడు పట్టీలుగ కోయవలెను. ఒక పట్టీని గంటసేపు నీట నుంచవలెను. రెండవదానిని ఎండపడు కిటికీయందు నెలదినము లుంచవలెను. మూడవదానిని పుస్తకములో చీకటిని దాచవలెను. నెల ముగిసినంత మూడింటిని ప్రక్కప్రక్కన చేర్చి చూచిన చాలును. నీటికి నిలుచున దేదో, ఎండకు నిలుచున దేదో పిల్లవాడును చెప్పగలడు. అద్దుడు కాగితపు పట్టీ యడుగున నల్లసిరాచుక్క నుంచి, అంచును నీట తాకించినచో, ఆ నలుపు కొన్నిట నీలముగను, ఎఱుపుగను, పసుపుగను విడిపోవుట గూడ చూడవచ్చును. పాఠశాల విద్యార్థులు ఈ పరీక్షలు చేసి ఫలితములను గ్రంథాలయపు గోడపై ప్రకటించిన ఎంతయు బాగుగ నుండును.

నేడు సిరా యేల, కలమేల యని యువకులు ప్రశ్నింపవచ్చును. 1984లో కరణీకములు రద్దగువఱకు గ్రామమున అడంగలు, చిట్టా మున్నగు లెక్కలు సిరాతో వ్రాసినవే. నేడు భూమిలెక్కలు కంప్యూటరులలో నున్నవి. ఐనను గట్టు తగవు వచ్చిననాడు ఉభయ పక్షములవారును ప్రాత కాగితమునే వెదకుదురు. అందొక యంకె చెఱిగినచో ఒక కుటుంబపు సెంటుభూమి సందేహమున పడును. పేదవానికి ఆస్తి తక్కువ గనుక, వానికి వ్రాత యవసరము ఎక్కువ. భాగ్యవంతుని దానమునకు శిలాఫలకము సాక్షి. కూలివాని దానమునకు సిరాయే సాక్షి.

కావున సారాంశ మిది. నేర్చుకొనుటకు నీలము. దిద్దుటకు ఎఱుపు. స్నేహమునకు ఊదా, ఆకుపచ్చ, ఎవరికి నచ్చినది వారు. పదిమందికి సంబంధించినదియు, పది కాలములు నిలువవలసినదియు ఐన వ్రాతకు ఇనుము గలిగిన నీలినలుపు సిరా. అది దొరకనిచో నీటికి నిలుచునని పరీక్షించి తెలిసికొన్న మసిసిరా. ఎంత మంచి సిరాయైనను కారుచున్న కప్పునకు బదులు కాజాలదు గనుక, బీరువాను గోడకు ఎడముగ, నేలకు ఎత్తుగ నుంచుటయు మఱువరాదు.

రజతోత్సవ సందర్భమున క్రొత్త దాతల పట్టిక నేడు ప్రారంభింపబడుచున్నది. ప్రాత పట్టికలో చెఱిగిన పేరులను, నాడు పనిచేసిన పెద్దలు జ్ఞప్తి చేసికొని చెప్పగా, ఇరువురు సాక్షుల సంతకములతో క్రొత్త పట్టిక మొదటి పుటలందు ఎక్కింపవలెనని కార్యవర్గము తీర్మానించినది. సున్నము మోసిన మనిషి పేరు వానిలో మొదటిది. అది నీలినలుపు సిరాతో వ్రాయబడును. పూర్తిగ నల్లబడుటకు కొంత కాలము పట్టును. ఆ పుటను అంతవఱకు మూయకుండుట మేలు.