గుర్తులేదంటే అబద్ధమని కాదు

(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



అత్యాచారానికి గురైన స్త్రీ వెంట పోలీసు స్టేషనుకో, కోర్టుకో వెళ్ళినవాళ్ళు మీలో చాలామంది ఉన్నారు. అక్కడ అడిగే ప్రశ్నలు మీకు తెలుసు. అప్పుడు టైమెంత? తలుపు గడియ ఎవరు పెట్టారు? వాడు ఏ రంగు చొక్కా వేసుకున్నాడు? ఆమె "గుర్తులేదు" అనగానే కట్టుకథ అంటారు. ఆ మాట ఎందుకు తప్పో శరీరశాస్త్రం చెబుతుంది.

ప్రాణభయం కలిగినప్పుడు మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథుల నుంచి అడ్రినలిన్, కార్టిసాల్ రక్తంలోకి వస్తాయి. మెదడులో నారడ్రినలిన్ పెరుగుతుంది. ఇవి అమిగ్డలా అనే చిన్న భాగాన్ని మేల్కొలుపుతాయి. ఆ క్షణంలో మనసు దేనిమీద నిలిచిందో అది గట్టిగా ముద్రపడుతుంది. చోటునూ, వరుసనూ నమోదు చేసే హిప్పోకాంపస్ పని మాత్రం తీవ్రమైన ఒత్తిడిలో కుంటుపడవచ్చు. అందుకే వాడి చేతి వాసన ఏళ్ళ తరబడి వెంటాడవచ్చు, టైమెంతయిందో మాత్రం గుర్తుకు రాకపోవచ్చు.

1994లో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. తల్లితో వెళ్తున్న పిల్లవాణ్ణి కారు గుద్దిన కథను బొమ్మలతో చూపించారు. కొందరికి ముందుగా ప్రొప్రనొలాల్ ఇచ్చారు. బి.పి.కి వాడే ఈ మందు అడ్రినలిన్, నారడ్రినలిన్‌ల పనిని అడ్డుకుంటుంది. వారం తరువాత అడిగితే, ఆ మందు తీసుకున్నవాళ్ళకు ప్రమాద ఘట్టం మిగతావాళ్ళంత బాగా గుర్తులేదు. ప్రమాదం లేని మామూలు కథలో ఈ తేడా రాలేదు.

2018లో సైకాలజీ ప్రొఫెసర్ క్రిస్టీన్ బ్లేసీ ఫోర్డ్ అమెరికా సెనేట్ కమిటీ ముందు ఈ రసాయనాల సంగతే చెప్పారు. తన పదిహేనో ఏట జరిగిన దాడిలో ఆ ఇద్దరి నవ్వు మరపురాలేదన్నారు. ఇంటికెలా చేరారో గుర్తులేదన్నారు. ఆ ఖాళీని పట్టుకునే ఎగతాళి చేశారు. ఆరోపణను ఖండించిన వ్యక్తి సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యాడు.

గట్టి జ్ఞాపకంలోనూ పొరపాట్లుంటాయి. మనం గుడ్డిగా నమ్మమనడం లేదు. ఖాళీని అబద్ధానికి రుజువుగా తీసుకోవద్దంటున్నాం. మన సుప్రీంకోర్టు కూడా 1983లోనే, గుజరాత్ నుంచి వచ్చిన భర్వాడా భోగిన్‌భాయ్ కేసులో, సాక్షికి ఫోటో తీసినట్టు అన్నీ గుర్తుండాలని ఆశించరాదని చెప్పింది. అది బాలికలపై జరిగిన లైంగిక నేరం కేసు.

కాబట్టి ఆమె పక్కన కూర్చున్నప్పుడు తొందరపెట్టకండి. చప్పుడో, వాసనో, మాటో, ఏది గుర్తుంటే అదే ముందు చెప్పనివ్వండి. లేనిదాన్ని ఊహించి పూరించమనకండి. రేపు ముద్దాయి వకీలు పట్టుకునేది ఆ ముక్కనే. "గుర్తులేదు" అన్న మాటను కూడా వాంగ్మూలంలో ఉన్నదున్నట్టు రాయించండి.